క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు గాయపడితే వంద మంది జట్టు ఎందుకు కుదేలవుతుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు అమెరికాలో ఎం.ఎస్. చదువుతూ రెండేళ్లుగా మీ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు స్టేడియంలో చూస్తున్నారు. ఈసారి మీ జట్టు వరుసగా ఆరు మ్యాచ్‌లు గెలిచింది. ఏడో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే ప్రతి ఆటలో బంతి అందుకుని దాన్ని విసిరే లేదా పక్కవాడికి ఇచ్చే ఆటగాడు, కుడి భుజం మీద పడ్డాడు. ఆ తర్వాత నాలుగు ఓడిపోయారు. "జట్టులో వంద మందికి పైగా ఉన్నారు, రెండో క్వార్టర్‌బ్యాక్ కూడా హైస్కూల్లో ఐదింటికి నాలుగు స్టార్ల రేటింగ్ ఉన్నవాడే. మరి ఎందుకిలా కూలిపోయింది? వచ్చే సీజన్‌కు మా జట్టులో ఆ లోతు ఉందో లేదో బయట నుంచి చూసి ఎలా తెలుసుకోవాలి?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. రెండో అతనికి ప్రతిభ తక్కువై ఓడిపోవడం అరుదు. వారం పొడవునా సాధనలో అతని చేతికి బంతి దక్కదు. అతని ముందు నిలబడి అతన్ని కాపాడే ఐదుగురు, అంటే లైన్, మొదటివాడి ఆటకు అలవాటుపడి ఉంటారు. ప్లేబుక్, అంటే జట్టు ఆడే ఎత్తుగడల పుస్తకం, మొదటివాడి కొలతలకు కుట్టిన చొక్కా. ఈ మూడింటినీ ముందే చక్కదిద్దుకున్న జట్టు మూడో క్వార్టర్‌బ్యాక్‌తో కూడా గెలుస్తుంది. చక్కదిద్దుకోని జట్టుకు రెండో అతను ఎంతటివాడైనా లాభం లేదు.

నేను కోచ్‌ను కాదు. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడికి వచ్చి అథ్లెటిక్ ట్రైనింగ్‌లో మాస్టర్స్ చేసి, పన్నెండేళ్లు ఒక విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుతో పనిచేశాను. అథ్లెటిక్ ట్రైనర్ అంటే వ్యాయామం చేయించేవారని మనవాళ్లు అనుకుంటారు. మా పని అంతా గాయాలతోనే. తెల్లవారకముందే వచ్చి చీలమండలకు టేపు చుట్టడం, సాధన మొత్తం మైదానం అంచున నిలబడి చూడడం, పడినవాడి దగ్గరికి పరుగెత్తడం, తర్వాత వారాల తరబడి అతన్ని మళ్లీ నిలబెట్టడం. అందువల్ల ఎవరికి ఎన్ని బంతులు దక్కుతున్నాయో, ఎవరు నొప్పి దాస్తున్నారో కోచ్‌ల కన్నా మాకే ముందు తెలుస్తుంది.

మొదట సాధన సంగతి. సీజన్ నడుస్తున్నప్పుడు ఆటగాడితో వారానికి 20 గంటలకు మించి, రోజుకు 4 గంటలకు మించి పని చేయించకూడదని నిబంధన. మ్యాచ్ రోజునే 3 గంటలుగా లెక్కకడతారు. మిగిలిన సమయంలో మీటింగులు, వీడియోలు చూడడం, బరువులు ఎత్తడం, మైదానంలో సాధన అన్నీ ఇమడాలి. అంత తక్కువ సమయం ఉన్నప్పుడు కోచ్ ఎవరి చేతికి బంతి ఇస్తాడు? శనివారం ఆడబోయేవాడికే. మా జట్టులో మంగళవారం, బుధవారం సాధనల్లో నేను చాలాసార్లు లెక్కపెట్టాను. మొదటి వరుసతో ఆడించే ప్రతి పది స్నాప్‌లలో, అంటే బంతిని క్వార్టర్‌బ్యాక్‌కు అందించి ఆట మొదలుపెట్టడాల్లో, ఎనిమిదో తొమ్మిదో మొదటి క్వార్టర్‌బ్యాక్‌వే. రెండో అతనికి ఒకటో రెండో. మూడో అతనిది ఇంకా కష్టం. అతను స్కౌట్ టీమ్‌లో ఉంటాడు. అంటే ఆ వారం ప్రత్యర్థి జట్టు ఆడే ఆటను అనుకరిస్తూ మన డిఫెన్స్‌కు, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే మనవాళ్లకు, చూపిస్తాడు. వారమంతా చేతినిండా బంతులు వేస్తాడు, అయితే అవన్నీ పక్క జట్టువారి ఆటలు. శనివారం హఠాత్తుగా "నువ్వు దిగు" అంటే, సొంత ప్లేబుక్‌ను అతను కాగితం మీద చూసి ఎన్నాళ్లయిందో.

మనలో పద్యనాటకాలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. కృష్ణుడి వేషధారికి గొంతు పోయి ఇంకొకరు కిరీటం పెట్టుకుంటే, పద్యాలన్నీ కంఠతా వచ్చినంత మాత్రాన రక్తి కట్టదు. హార్మోనియం వాయించేవారికి కొత్తవాడి శ్రుతి ఏదో తెలియాలి, ఎక్కడ రాగం సాగదీస్తాడో తెలియాలి. క్వార్టర్‌బ్యాక్‌కూ చుట్టూ ఉన్న పదిమందికీ మధ్య సంబంధం సరిగ్గా అలాంటిదే.

కళ్లారా చూసినది ఒకటి చెబుతాను. ఒక అక్టోబరు శనివారం, రెండో క్వార్టర్‌లో (మ్యాచ్‌లోని నాలుగు భాగాల్లో రెండోది) మా మొదటి క్వార్టర్‌బ్యాక్ మోకాలు మెలిపడి బయటికి వచ్చాడు. నేను అతని మోకాలు పరీక్షిస్తుండగా, బెంచీ వెనుక రెండో అతను గబగబా బంతులు వేసి చేయి వేడెక్కించుకుంటున్నాడు. అతనికి బంతి అందిస్తున్నది రెండో సెంటర్ (లైన్ మధ్యలో ఉండి బంతిని వెనక్కి అందించేవాడు). మైదానంలోకి వెళ్లాక అందించింది మొదటి సెంటర్. తొలి స్నాప్ అతని వేళ్ల చివరలకు తగిలి తల మీదుగా వెనక్కి దొర్లింది. స్టేడియం అంతా కుర్రవాడిని తిట్టింది. నిజానికి తప్పు ఎవరిదీ కాదు. మొదటివాడు ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మూడేళ్లుగా అతని గుండెకు ఎదురుగా బంతి పంపడం సెంటర్ చేతికి అలవాటు. రెండో అతను నాలుగంగుళాలు పొట్టి. ఆ తర్వాత స్నాప్ అడిగే గొంతు మారింది కాబట్టి లైన్‌లో ఇద్దరు ముందే కదిలారు, 5 గజాల జరిమానా పడింది. మూడు ఆటలు గడిచేసరికి బంతి మళ్లీ ప్రత్యర్థి చేతిలోకి వెళ్లింది. అతని ప్రతిభను పరీక్షించే అవకాశమే ఇంకా రాలేదు.

చేతివాటం తేడా ఉంటే పని మరింత పెరుగుతుంది. అలబామా విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్‌లలో జేలెన్ హర్ట్స్‌ది కుడిచేయి, టువా టాగోవైలోవాది ఎడమచేయి. ఎడమచేతివాటం వాడు వేసిన బంతి గాలిలో ఎదురు దిశలో తిరుగుతుంది. బంతి అందుకునే రిసీవర్ల అరచేతులకు అది వెంటనే తెలుస్తుంది. అతని వీపు వైపు, అంటే అతను చూడలేని వైపు కాపలా కాసేది లైన్ ఎడమ చివర ఉండే లెఫ్ట్ ట్యాకిల్ కాకుండా కుడి చివర ఉండే రైట్ ట్యాకిల్ అవుతాడు. 2018 డిసెంబరు 1న ఎస్‌ఈసీ (దక్షిణాది విశ్వవిద్యాలయాల కాన్ఫరెన్స్, అంటే లీగ్) ఫైనల్లో టువా చీలమండ దెబ్బతింటే హర్ట్స్ దిగి జార్జియాను 35-28తో ఓడించాడు. అందరూ అతని ధైర్యాన్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అయితే అతను అంతకుముందు రెండు సీజన్లు అదే జట్టుకు మొదటి క్వార్టర్‌బ్యాక్ అని మరిచిపోవద్దు. అక్కడున్న వారిలో చాలామందికి అతని గొంతు, అతని అడుగులు ముందే తెలుసు. అలాంటి రెండో క్వార్టర్‌బ్యాక్ ఏ జట్టుకైనా పదేళ్లకు ఒకసారి దొరుకుతాడు.

ఇప్పుడు 2014 ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు. "మూడో క్వార్టర్‌బ్యాక్ వచ్చి ఛాంపియన్‌షిప్ గెలిపించాడు" అని అందరూ చెబుతారు. నా దృష్టిలో ఆ కథలో అసలు పాత్రధారులు వేరే ఉన్నారు. వరుసగా చూడండి. ఆగస్టులో, తొలి మ్యాచ్‌కు రెండు వారాలు కూడా లేవనగా, మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం సాధనలో మళ్లీ దెబ్బతింది. అప్పటికి ఒక్క కాలేజీ మ్యాచ్ కూడా ఆడని జె.టి. బారెట్ దిగాడు. రెండో మ్యాచ్‌లోనే, సెప్టెంబరు 6న, సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడిపోయారు. ఆ రాత్రి బారెట్‌ను 7 సార్లు శాక్ చేశారు, అంటే బంతి వేయకముందే పడగొట్టారు. కారణం వెతికితే లైన్ దగ్గర దొరుకుతుంది. ఐదుగురిలో అంతకుముందు ఏడాది నుంచి మిగిలింది టేలర్ డెకర్ ఒక్కడే. మిగతా నలుగురూ కొత్త.

ఆ నలుగురూ సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలంతా కలిసి ఆడారు. నవంబరు 29న మిషిగన్‌తో మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో బారెట్ చీలమండ విరిగింది. వారం తర్వాత ఇండియానాపొలిస్‌లో మూడోవాడు కార్డేల్ జోన్స్ తొలిసారి మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. విస్కాన్సిన్ మీద 59-0. ఆ మ్యాచ్‌లో అతను వేసినవి 17 బంతులే. 12 అందాయి, 257 గజాలు వచ్చాయి. తర్వాత న్యూఆర్లీన్స్‌లో అలబామా మీద 42-35, 2015 జనవరి 12న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఒరెగాన్ మీద 42-20. ఆ మూడు మ్యాచ్‌లలో బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఎజెకియెల్ ఇలియట్ వరుసగా 220, 230, 246 గజాలు పరుగెత్తాడు. పరుగుకు అంత దారి తీసింది ఎవరు? సెప్టెంబరులో 7 శాక్‌లు ఇచ్చిన ఆ ఐదుగురే. కోచ్ అర్బన్ మేయర్, ఆఫెన్స్, అంటే దాడి ఆట, చూసే టామ్ హర్మన్ కూడా జోన్స్‌తో బారెట్ ఆట ఆడించలేదు. అతని చేతిలో ఉన్నది దూరం విసిరే బలం. అందుకని ఇలియట్‌కు బంతి ఇవ్వడం, డిఫెన్స్ ముందుకు వచ్చినప్పుడు వెనుక ఖాళీలోకి దూరంగా విసరడం, ఈ రెండింటి చుట్టూ ఆట అల్లారు. ఇంకొక సంగతి. ఆ ఏడాది వసంతకాలపు సాధనలో మిల్లర్ భుజానికి శస్త్రచికిత్స అయి పక్కన ఉన్నప్పుడు, మొదటి వరుసతో బంతులు వేసినవారిలో జోన్స్ ఒకడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పడిన ఆ బంతులు డిసెంబరులో పనికివచ్చాయి.

కాబట్టి లోతు అంటే ముందు లైన్ లోతు, తర్వాతే క్వార్టర్‌బ్యాక్‌ల లోతు. నన్ను ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

క్లెమ్సన్ 2018 దీనికి మరో సాక్ష్యం. సెప్టెంబరు చివరి వారంలో కోచ్ డాబో స్విన్నీ కొత్త కుర్రవాడు ట్రెవర్ లారెన్స్‌ను మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా ప్రకటించాడు. అప్పటిదాకా ఆడుతున్న కెల్లీ బ్రయంట్ రెండు రోజుల్లో జట్టు వదిలి వెళ్తున్నానని చెప్పాడు. ఆ శనివారమే సిరక్యూస్‌తో మ్యాచ్‌లో లారెన్స్ తల, మెడ ప్రాంతంలో దెబ్బ తగిలి బయటికి వచ్చాడు. మిగిలింది చేస్ బ్రైస్. నాలుగో క్వార్టర్‌లో 10 పాయింట్లు వెనుకబడి ఉన్నారు. చివరికి 94 గజాల డ్రైవ్‌తో, అంటే బంతి వదలకుండా వరుస ఆటలతో ముందుకు సాగి, 27-23గా గెలిచారు. ఆ డ్రైవ్‌లో బ్రైస్ తప్పనిసరిగా వేయాల్సిన బంతి ఒక్కటే ఒక్కటి, నాలుగో డౌన్‌కు, అంటే చివరి ప్రయత్నానికి, 6 గజాలు కావాల్సినప్పుడు. టీ హిగిన్స్‌కు అందించాడు. మిగతా భారమంతా దాదాపుగా లైన్, రన్నింగ్ బ్యాక్ ట్రావిస్ ఎటియెన్ మోశారు. ఎటియెన్ ఆ రోజు 203 గజాలు పరుగెత్తాడు. ఆ గెలుపు లేకపోతే ఆ ఏడాది ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచిన రికార్డు లేదు.

ఇక దీనికి ఎదురు కథ. 2010 జనవరి 7, పాసడీనాలో జాతీయ ఛాంపియన్‌షిప్. టెక్సస్ ఆడిన ఐదో ఆటలోనే ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ కుడి భుజానికి దెబ్బ తగిలి చేయి మొద్దుబారింది. మొదటి ఏడాది కుర్రవాడు గారెట్ గిల్బర్ట్ అలబామా డిఫెన్స్ ముందు నిలబడ్డాడు. సగం మ్యాచ్ అయ్యేసరికి 24-6. రెండో సగంలో కుదురుకుని 24-21 దాకా తెచ్చాడు, చివరికి 37-21తో ఓడిపోయారు. నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడని, అంటే నాలుగు బంతులు ప్రత్యర్థుల చేతికి వేశాడని, అతన్ని ఇప్పటికీ తక్కువ చేసి మాట్లాడేవారు ఉన్నారు. నాకు అది బాధ కలిగిస్తుంది. నాలుగేళ్లుగా మెకాయ్ కోసం కుట్టిన ప్లేబుక్‌ను ఒక కుర్రవాడికి తొడిగి, దేశం మొత్తం చూస్తుండగా దాన్ని మైదానంలోనే కత్తిరించి సరిచేశారు. సరయ్యేసరికి సమయం అయిపోయింది.

మీ జట్టు విషయానికి వస్తాను. భుజం మీద పడ్డాడన్నారు. కాలర్ ఎముక, భుజం కొన కలిసే చోటును ఏసీ జాయింట్ అంటారు. బంతి పట్టుకున్న చేయి శరీరానికి అదుముకుని ఉన్నప్పుడు పైన ఇంకొకడి బరువుతో నేలకు గుద్దుకుంటే అక్కడి బంధనాలు సాగుతాయి లేదా తెగుతాయి. క్వార్టర్‌బ్యాక్‌లలో నేను తరచుగా చూసిన గాయాల్లో ఇది ఒకటి. తేలికపాటిదైతే ఒకటి రెండు వారాలు, మధ్యరకమైతే అంతకన్నా చాలా ఎక్కువ. 2008 హైస్‌మన్ ట్రోఫీ (కాలేజీ ఆటగాళ్లలో ఉత్తముడికి ఇచ్చేది) గెలిచిన ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 2009 సీజన్ తొలి మ్యాచ్‌లోనే, బీవైయూ (బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం) మీద, ఈ గాయమే అయింది. ఓక్లహోమా 14-13తో ఓడిపోయింది. అక్టోబరులో తిరిగి వచ్చాడు. టెక్సస్‌తో మ్యాచ్‌లో అదే భుజం మళ్లీ దెబ్బతిని, శస్త్రచికిత్సతో అతని సీజన్ ముగిసింది.

తిరిగి రావడం గురించి అభిమానులకు తెలియనిది చాలా ఉంది. ఈ కుర్రవాళ్లు నొప్పి దాస్తారు. చోటు పోతుందని భయం. ఒకతను ఏసీ జాయింట్ గాయమైన పదిహేనో రోజున నా దగ్గరికి వచ్చి "అస్సలు నొప్పి లేదు" అన్నాడు. 10 గజాలు వేశాడు, 20 గజాలు వేశాడు, బాగానే ఉంది. వెళ్తూ వెళ్తూ పుస్తకాల సంచిని ఎడమ భుజానికి తగిలించుకున్నాడు. రెండేళ్లుగా అతను దాన్ని కుడి భుజానికే వేసుకోవడం నేను చూస్తున్నాను. మర్నాడు 40 గజాల బంతి వేయించాం. బంతి వదిలే సమయానికి మోచేయి కిందికి దిగిపోతోంది. నొప్పిని తప్పించుకోవడానికి శరీరం తనకు తెలియకుండానే చేసే మార్పు అది. అలా వేస్తే ముందు బంతి తడబడుతుంది, తర్వాత మోచేతికి కొత్త గాయం వస్తుంది. డాక్టరుగారూ నేనూ ఇంకా రెండు వారాలు ఆపాం. ఆ రెండింటిలో ఒక మ్యాచ్ ఓడిపోయాం. కోచ్‌కు కోపం వచ్చింది. ఆడించాలా వద్దా అన్న విషయంలో వైద్య బృందం మాటే చివరిది, అలాగే ఉండాలి. ఆ కుర్రవాడు ఇప్పుడు హైస్కూల్ జట్టుకు శిక్షణ ఇస్తున్నాడు, పిల్లలకు బంతి విసిరి చూపించగలుగుతున్నాడు.

తల దెబ్బ సంగతి వేరు. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం, అని తేలితే ఆ రోజు మళ్లీ మైదానంలోకి దిగడం లేదు, అంతే. దాని మీద బేరం ఉండదు.

ఫ్లోరిడా స్టేట్ జట్టుకు 2023లో ఒంటి దెబ్బ, తల దెబ్బ రెండూ రెండు వారాల్లో తగిలాయి. నవంబరు 18న నార్త్ అలబామాతో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్ర గాయం. తర్వాతి వారం రెండోవాడు టేట్ రోడ్‌మేకర్ ఫ్లోరిడా మీద 24-15తో గెలిపించాడు, కానీ కంకషన్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్‌కు దూరమయ్యాడు. మూడోవాడు, మొదటి ఏడాది కుర్రవాడు బ్రాక్ గ్లెన్ దిగి 55 గజాలు మాత్రమే వేయగలిగినా, డిఫెన్స్ బలంతో లూయీవిల్ మీద 16-6తో గెలిచారు. 13 మ్యాచ్‌లు, 13 విజయాలు. అయినా జాతీయ ఛాంపియన్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు ఎంపిక కమిటీ వారిని తీసుకోలేదు. కీలక ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని పరిగణించవచ్చని కమిటీ నియమావళిలో ఉంది, దాన్నే వాడారు. పెద్ద కాన్ఫరెన్స్‌లో అజేయంగా ఛాంపియన్ అయిన జట్టును ఆ విధానంలో పక్కనపెట్టడం అదే మొదటిసారి. తర్వాత ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడిపోయారు కదా, కమిటీ సరిగ్గానే చేసింది అని వాదించేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ రోజు వారి ప్రధాన ఆటగాళ్లలో చాలామంది మైదానంలోనే లేరు. ఒక జట్టు లోతుకు పరీక్ష మూడో క్వార్టర్‌బ్యాక్‌తో ఫైనల్ గెలవడమే. ఆ పరీక్షలో నెగ్గినవారికి శిక్ష పడింది. 2024 నుంచి 12 జట్లు ప్లేఆఫ్ ఆడుతున్నాయి కాబట్టి అలాంటి గెలుపుకు తలుపు మూసుకోదు. కానీ మ్యాచ్‌లూ పెరిగాయి. 2014లో ఛాంపియన్ ఒహాయో స్టేట్ ఆడినవి 15, 2024లో మళ్లీ ఛాంపియన్ అయినప్పుడు ఆడినవి 16. ప్రతి అదనపు మ్యాచ్ ఒక భుజం, ఒక చీలమండ.

"మంచి రెండో అతన్ని ముందే ఎందుకు ఉంచుకోరు?" అన్నదానికి ఇప్పుడు జవాబు చాలావరకు డబ్బు, స్వేచ్ఛ. 2021 ఏప్రిల్ నుంచి ఆటగాడు మొదటిసారి వేరే విశ్వవిద్యాలయానికి మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోనవసరం లేదు. తర్వాత ఆ పరిమితి కూడా పోయింది. 2021 జులై 1 నుంచి తన పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. నాలుగు స్టార్ల కుర్రవాడు బెంచీ మీద రెండేళ్లు ఎందుకు కూర్చుంటాడు? నేను అతన్ని తప్పుపట్టను. అతని చేయి ఎంతకాలం పనిచేస్తుందో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు, ఆ కాస్త కాలంలో అతను ఆడాలి. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, దానికి ఒప్పుకున్న విశ్వవిద్యాలయాల జట్లకు 105 మంది పరిమితి వచ్చింది. అంతకుముందు స్కాలర్‌షిప్ లేకుండా చేరే వాక్ ఆన్ ఆటగాళ్లతో కలిపి చాలా జట్లలో అంతకన్నా ఎక్కువ మంది ఉండేవారు. జార్జియాకు 2021, 2022 సీజన్లలో ఛాంపియన్‌షిప్ తెచ్చిన స్టెట్సన్ బెనెట్ మొదట వాక్ ఆన్‌గా వచ్చినవాడే, 2021లో జె.టి. డేనియల్స్ గాయపడినప్పుడు చోటు దక్కించుకున్నవాడే. అలాంటివారు నాలుగేళ్లు ఒక మూలన పెరిగే చోటు తగ్గిపోతోంది. ఇది నాకు నిజంగా దిగులు కలిగించే విషయం.

ఒక మంచి మార్పు కూడా జరిగింది. 2024 నుంచి కోచ్ మాట మైదానంలోని ఒక ఆటగాడి హెల్మెట్‌లో నేరుగా వినిపించవచ్చు. ఆట మొదలుపెట్టే గడువు చూపే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేసరికి ఆగిపోతుంది. కొత్తగా దిగిన కుర్రవాడికి పక్క నుంచి చేతి సైగలు అర్థం చేసుకునే భారం తప్పింది. అదే ఏడాది ఎస్‌ఈసీ ఫైనల్లో మొదటి సగం చివరి ఆటలో జార్జియా క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ మోచేతికి గాయమైతే, గనర్ స్టాక్‌టన్ దిగి టెక్సస్ మీద మ్యాచ్‌ను ఓవర్‌టైమ్ దాకా తీసుకెళ్లాడు. గోల్ దగ్గర తగిలిన దెబ్బకు అతని హెల్మెట్ ఊడింది. హెల్మెట్ ఊడినవాడు ఒక ఆట బయట ఉండాలని నియమం. వేసే చేయి పనిచేయని బెక్ ఆ ఒక్క ఆటకు వచ్చి బంతిని రన్నింగ్ బ్యాక్ ట్రెవర్ ఎటియెన్ చేతిలో పెట్టాడు. టచ్‌డౌన్, అంటే బంతి గోల్ గీత దాటింది, జార్జియా 22-19తో గెలిచింది. గాయపడినవాడు కూడా జట్టు లోతులో భాగమే అనడానికి అంతకన్నా చక్కటి దృశ్యం నేను చూడలేదు.

మీరు అడగని ఒక విషయం చెప్పాలి. క్వార్టర్‌బ్యాక్ గాయం చాలాసార్లు రెండు మూడు వారాల ముందే, లైన్‌లో మొదలవుతుంది. మా జట్టులో ఒక ఏడాది ఐదో మ్యాచ్‌లో లెఫ్ట్ ట్యాకిల్ చీలమండ పైభాగంలో బెణికింది. పత్రికల్లో ఒక్క వాక్యం కూడా రాలేదు. అతని చోటికి లైన్‌లో పక్కనే ఉండే గార్డ్‌ను జరిపారు, గార్డ్ చోట కొత్తవాడిని పెట్టారు. ఒక గాయానికి రెండు చోట్లు బలహీనమయ్యాయి. ఏడో మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్ పక్కటెముకలు విరిగాయి. మీ జట్టు నాలుగు, ఐదు, ఆరు మ్యాచ్‌ల్లో లైన్‌లో ఎవరెవరు ఆడారో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఐదుగురూ మారకుండా ఉన్నారా? నాకు అనుమానమే.

వచ్చే సీజన్‌కు మీరు బయట నుంచి చూడగలిగినవి ఇవి. మీ జట్టు 30 పాయింట్లు ముందున్న మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్ రాగానే లేచి వెళ్లిపోకండి. రెండో క్వార్టర్‌బ్యాక్ దిగినప్పుడు అతని ముందు ఉన్నది మొదటి లైనా, రెండో లైనా చూడండి. అతనితో బంతి వేయిస్తున్నారా, లేక గడియారం తిరగడానికి పరుగులే ఆడిస్తున్నారా చూడండి. మొదటి లైన్‌తో రెండు డ్రైవ్‌లు, నిజమైన బంతులు వేయించే కోచ్ దొరికితే మీరు అదృష్టవంతులు. లైన్‌లో ఆరో మనిషి, ఏడో మనిషి పేర్లు తెలుసుకోండి, వారు గెలిచే మ్యాచ్‌ల్లో కొన్ని ఆటలైనా ఆడుతున్నారేమో గమనించండి. మీ జట్టు బిగ్ టెన్‌లోనో ఎస్‌ఈసీలోనో ఉంటే, ఎవరు ఆడతారు, ఎవరు ఆడరు అన్న జాబితాను మ్యాచ్‌కు ముందు ఆ కాన్ఫరెన్స్‌లే విడుదల చేస్తున్నాయి. అందులో క్వార్టర్‌బ్యాక్ పేరు కన్నా ముందు ట్యాకిల్‌ల పేర్లు చదవండి.

వీలైతే ఒక శనివారం గంట ముందుగా స్టేడియంకు వెళ్లండి. ఆటగాళ్లు చేతులు వేడెక్కించుకునేటప్పుడు గేట్లు తెరిచే ఉంటాయి, జనం పలచగా ఉంటారు. రెండో క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందిస్తున్న సెంటర్ జెర్సీ నంబరు చూసి రాసిపెట్టుకోండి. మ్యాచ్ మొదలయ్యాక తొలి ఆటకు బంతి మీద చేయి పెట్టింది అదే నంబరైతే, అక్కడ ఎవరో కోచ్ మీలాగే ఈ సంగతి ఆలోచించాడని అర్థం.